ఫ్లోరైడ్ మీద నా పేపరు ఎక్కడికి పంపాలి? ఊళ్ళవాళ్ళకీ అందేలా ఉండాలి

కనిగిరి కెమిస్ట్రీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. స్టేట్ యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, ఎండాకాలానికీ వానలు పడ్డాకా ఎంత తేడా వస్తుంది అన్నది నా టాపిక్. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది కాబట్టి నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టాలి. సీసా మీద ఊరి పేరు, బోరు ఎవరి ఇంటి దగ్గరుందో రాసుకుని, ల్యాబ్‌కి తెచ్చి, బఫర్ కలిపి, ఎలక్ట్రోడ్ పెట్టి చూడాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు. కొన్ని బోర్లలో అంతకు చాలా ఎక్కువ వచ్చింది. సీసాలు పట్టుకుని వెళ్ళిన ప్రతి వీధిలోనూ జనం అడిగేది ఒకటే. "మా బోరు నీళ్ళు ఎట్టా ఉన్నాయి సార్, కాయితం ఏమన్నా ఇస్తారా?"

పేపరు రాయడం అయిపోయింది. పంపే దగ్గర ఆగిపోయాను.

వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఒక మెసేజ్ వస్తుంది. మూడు రోజుల్లో పబ్లికేషన్, ఐఎస్ఎస్ఎన్ ఉంది, సర్టిఫికెట్ ఇస్తాం, ఫీజు కొన్ని వేలు. తెలిసినవాళ్ళ సర్టిఫికెట్ ఒకటి చూశాను. బంగారు రంగు అంచు, కింద చీఫ్ ఎడిటర్ సంతకం. లోపల పేపరులో రెండో టేబుల్ మొత్తం తప్పు పడింది, కూడిక కూడా ఎవరూ సరిచూడలేదు. ఆ దారి నాకు వద్దు. మా గైడ్ గారు స్కోపస్ అనే పత్రికల సూచికలో ఉన్న పత్రికే కావాలంటారు. ఆయన చెప్పిన వాటిలో ఒకదాంట్లో ఓపెన్ యాక్సెస్ ఫీజు, అంటే అందరూ ఉచితంగా చదివేలా పెట్టడానికి రాసినవాళ్ళు కట్టేది, రెండు వేల డాలర్ల పైమాటే. ఆరు నెలల జీతం కూడబెట్టినా నాకు చాలదు. ఇంకో పత్రిక నా దగ్గర పైసా తీసుకోదు. కానీ కాపీరైట్ వాళ్ళకి రాసివ్వాలి, చందా లేనివాళ్ళు ఒక్క పేపరు చదవాలంటే నలభై డాలర్ల దాకా కట్టాలి. మా ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ గారు "అచ్చయ్యాక ఒక కాపీ పంపండి, పైవాళ్ళకి చూపిస్తాను" అన్నారు. ఆయన నలభై డాలర్లు కట్టి చదువుతారా?

నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. మా ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్ళకి, ఎముకలకి వచ్చే జబ్బు) గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి పేపర్లలో అదొకటి. ఆ పాత పేజీలు స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత సైట్లో పెట్టారు. ఫోన్లో తెరిచి చదివాను, ఎవరూ డబ్బు అడగలేదు. అదే నేల మీద మొన్న మొన్న వచ్చిన పేపర్లు మాత్రం సారాంశం దగ్గరే ఆగిపోతున్నాయి. దాదాపు తొంభై ఏళ్ళ నాటిది చదవగలుగుతున్నాను, మొన్నటిది చదవలేకపోతున్నాను. ఇంటర్నెట్ వచ్చాక ఇలా ఎలా జరిగింది?

ఈ పత్రికలన్నీ ఇంకో పదేళ్ళు ఉంటాయా, లేక పత్రిక సరిచూడకముందే ప్రీప్రింట్‌గా ఆన్‌లైన్‌లో పెట్టేసి ఊరుకోవచ్చా? నా పేపరుకి మీరైతే ఏం చేస్తారు?

రిఫరెన్స్ డెస్క్

సార్, నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పీరియాడికల్స్ సెక్షన్ చూస్తాను. మీలాంటి స్కాలర్లు ఇదే ప్రశ్నతో నా టేబుల్ దగ్గరికి వస్తూనే ఉంటారు. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఫారిన్ జర్నల్స్ ఎయిర్‌మెయిల్‌లో వచ్చేవి. కార్డెక్స్‌లో ఒక్కో పత్రికకి ఒక్కో కార్డు. సంచిక రాగానే ఆ నెల గడిలో టిక్కు పెట్టడం, రాకపోతే ఏజెంటుకి రిమైండర్ రాయడం, ఏడాది పూర్తయ్యాక బైండింగుకి పంపడం నా పని. చందాలు ఏటేటా పెరిగేవి, గ్రాంటు పెరిగేది కాదు. కొత్త సంవత్సరం చందాలు కట్టేముందు డిపార్ట్‌మెంట్లన్నిటికీ జాబితా పంపి, వీటిలో ఏవి ఆపేయమంటారు అని అడిగేవాళ్ళం. తన విద్యార్థులకి అవసరమైన పత్రికను తన చేత్తోనే కొట్టేసి సంతకం పెట్టిన ప్రొఫెసర్లను చూశాను. ఇంటర్నెట్ వస్తే ఆ బాధ తీరుతుందనుకున్నాం. కాగితం పోయింది, ప్రెస్సు పోయింది, పోస్టేజీ పోయింది, చందా మాత్రం తగ్గలేదు. ఇదివరకు చందా ఆపేసినా పాత సంచికలు మా ర్యాకుల్లోనే ఉండేవి. ఇప్పుడు చందా ఆగితే చాలాసార్లు పాతవి కూడా తెరుచుకోవు.

ఎలా జరిగిందని అడిగారు. 1665లో లండన్‌లో రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలుపెట్టాడు. అప్పటినుంచి క్రమంగా పత్రిక నెత్తిన నాలుగు పనులు పడ్డాయి. ఫలానా సంగతి ముందు ఎవరు చెప్పారో తేదీతో నమోదు చేయడం, తెలిసినవాళ్ళ చేత సరిచూపించడం, అచ్చేసి పంచడం, పోకుండా దాచడం. వీటిలో పంచే పనికి ఇప్పుడు దాదాపు ఖర్చు లేదు. రాసేది మీరు, సరిచూసేది మీలాంటి ఇంకో ఇద్దరు ముగ్గురు, పత్రిక ఎవరికీ పైసా ఇవ్వదు. మరి అంత డబ్బు దేనికి పోతోంది అంటే, ఎక్కువ భాగం పత్రిక పేరుకి. ఆ పేరు చూసి ఉద్యోగాలు, ప్రమోషన్లు ఇస్తున్నంతకాలం దానికి గిరాకీ ఉంటుంది. ఎల్సెవియర్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థల లాభం అమ్మకాల్లో 30 శాతం పైన ఉంటుంది. నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్‌కి 2021 నుంచి 9,500 యూరోలు అని ప్రకటించింది, ఒక్క పేపరుకి. 2002లో ఓపెన్ యాక్సెస్ కోసం బుడాపెస్ట్ ప్రకటన చేసినప్పుడు అందరి కోరికా ఒకటే, పరిశోధన ఎవరైనా చదివేలా ఉండాలని. చదివేవాడి దగ్గర తీసుకునే డబ్బు రాసేవాడి దగ్గర తీసుకుంటే సరిపోతుందని కొందరు ప్రచురణకర్తలు దాన్ని తమకి అనుకూలంగా తిప్పుకున్నారు. ఫీజు కట్టగల ల్యాబులకి అది సమస్య కాదు. మీకు సమస్య. గోడ అలాగే ఉంది, చదివేవాడి ముందు నుంచి రాసేవాడి ముందుకి జరిగిందంతే.

ఇప్పుడు మీ పనికొచ్చే మాటలు.

చదవడం గురించి ముందు చెబుతాను. కేంద్రం 2024 నవంబరులో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపిస్తోంది. ఇది ప్రభుత్వ సంస్థలకి మాత్రమే, మీ కాలేజీ ప్రైవేటు కాబట్టి కాలేజీ నుంచి తెరుచుకోదు. కానీ మీరు స్టేట్ యూనివర్సిటీ స్కాలరు. మీ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి, రిజిస్ట్రేషన్ కాగితం చూపించి, ఇంటి నుంచి లాగిన్ అయ్యేలా ఐడీ అడగండి. సిగ్గుపడకండి, అది మీ హక్కు. సారాంశం దగ్గర ఆగిపోయినవాటిలో చాలావరకు ఆ రోజే తెరుచుకుంటాయి. జిల్లా కాలేజీల పిల్లలు ఈ లాగిన్‌తో మొదటిసారి పూర్తి పేపరు చదివి మెసేజ్‌లు పెడుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. అదే సమయంలో, ఇంత డబ్బు ఎక్కువగా విదేశీ సంస్థలకే పోతోందని, మీ ఏఈ గారికి, ఊళ్ళో ఆశా కార్యకర్తకి దీనివల్ల ఒక్క పేజీ కూడా తెరుచుకోదని బాధగా ఉంటుంది.

తాళం వేసిన పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో మొదలుపెట్టింది. 2020 డిసెంబరులో మూడు ప్రచురణ సంస్థలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. లైబ్రరీ ఉద్యోగిగా దాన్ని వాడమని నేనెవరికీ చెప్పను. అది ఎందుకు పుట్టిందో మాత్రం, చందాలు కొట్టేసిన చేతులకి బాగా తెలుసు.

పంపడం గురించి. మూడు రోజుల పత్రికల్ని వద్దనుకున్నారు, మంచి పని చేశారు. ఐఎస్ఎస్ఎన్ అనేది ఢిల్లీలో ఉన్న ఐఎస్ఎస్ఎన్ కేంద్రం పత్రికలకి ఉచితంగా ఇచ్చే నంబరు. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు, ఇదీ అంతే. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలని తప్పులతో రాసిన దొంగ పేపరుని 304 ఓపెన్ యాక్సెస్ పత్రికలకి పంపితే 157 వేసుకుంటామన్నాయి. వాటిలో మన దేశానివే చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్న ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. రచయితల్ని మోసం చేశారని 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైన కట్టమంది. మన ఊళ్ళోనే ఇది జరిగిందని తలుచుకుంటే నాకిప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. పేరున్నవాళ్ళ దగ్గర కూడా జాగ్రత్త అవసరమే. విలే సంస్థ 2021లో హిందావి అనే ప్రచురణ సంస్థని కొన్నది, 2023లో ఆ పత్రికల నుంచి 8,000 పైన పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పైసలిచ్చి పేపర్లు రాయించే దుకాణాలు లోపలికి దూరిపోయాయి.

మంచి పత్రికలివీ అని చెప్పే యూజీసీ-కేర్ జాబితాని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇప్పుడు ఏది మంచి పత్రికో సంస్థలే చూసుకోవాలి. అందువల్ల మీరే చూసుకోండి. పంపబోయే పత్రికలో మీ టాపిక్ మీద వచ్చిన రెండు పేపర్లు పూర్తిగా చదవండి. ఎలక్ట్రోడ్‌ని ఎలా క్యాలిబ్రేట్ చేశారో, బ్లాంకులు పెట్టారో లేదో రాయించారా? ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరిద్దరికి వాళ్ళ యూనివర్సిటీ మెయిల్‌కి రాసి అడగండి. తమ పేరు అక్కడుందని తెలియని ప్రొఫెసర్లు ఉంటారు.

మన దగ్గర మంచివి ఉన్నాయి. సి.వి.రామన్ 1934లో పెట్టిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ బెంగళూరు నుంచి తెచ్చే పత్రికలు మామూలుగా రచయిత దగ్గర ఫీజు అడగవు. అకాడమీ సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. నేల, నీళ్ళు వంటి విషయాలకి వాళ్ళ జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్ ఉంది. ఒకసారి మీ గైడ్ గారికి చూపించండి.

ఒకవేళ ఆయన తాళం వేసిన పత్రికే కావాలంటే గొడవపడకండి. అక్కడే వేయండి, కానీ డబ్బు కట్టకండి. రివ్యూ అయిపోయి యాక్సెప్ట్ అయిన మీ వర్డ్ ఫైలు మీ దగ్గరే ఉంటుంది కదా. దాన్ని ఇంత గడువు తర్వాత యూనివర్సిటీ రిపాజిటరీలో (పేపర్లు దాచే సొంత సైట్లో) పెట్టుకోవచ్చని చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. కొన్ని ఏడాది, కొన్ని రెండేళ్ళు ఆగమంటాయి. సంతకం పెట్టేముందు ఆ కాపీరైట్ ఫారం అక్షరం అక్షరం చదవండి. ముప్పై పేజీల పేపరుని ముప్పైసార్లు దిద్దినవాళ్ళు ఒక్క పేజీ ఫారం చదవకుండా సంతకం పెట్టేస్తారు, రోజూ చూస్తున్నాను.

గణితం జర్మనీ నుంచి

అన్నా, నేను మ్యాథ్స్‌లో పోస్ట్‌డాక్, మాది గుంటూరు. మా దగ్గర ప్రీప్రింట్ అనేది పెద్ద విషయమే కాదు. పేపరు రాయగానే ఆర్కైవ్ అనే సైట్లో పెట్టేస్తాం. పాల్ గిన్స్‌పార్గ్ 1991లో లాస్ అలమోస్‌లో మొదలుపెట్టాడు, 2001లో కార్నెల్ యూనివర్సిటీకి మారింది. పొద్దున్నే కాఫీ తాగుతూ కొత్త పేపర్లు చూసుకోవడం మాకు న్యూస్‌పేపరు చదవడం లాంటిదే. గ్రిగరీ పెరెల్మాన్ పాయింకరే కంజెక్చర్ అనే పాత గణిత సమస్యకి నిరూపణని 2002, 2003లో ఆర్కైవ్‌లో మాత్రమే పెట్టాడు, ఏ పత్రికకీ పంపలేదు. ప్రపంచమంతా కూర్చుని ఏళ్ళ తరబడి సరిచూసింది. 2006లో గణితంలో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ మెడల్ ఇస్తామంటే వద్దన్నాడు.

పత్రికలు ఉంటాయా అన్నావు కదా. టిమ్ గవర్స్ అనే గణిత శాస్త్రవేత్త 2012లో ఎల్సెవియర్‌కి పేపర్లు పంపొద్దని పిలుపిచ్చాడు, వేలమంది సంతకం పెట్టారు. తర్వాత 2016లో డిస్క్రీట్ అనాలిసిస్ అనే పత్రిక మొదలైంది. అందులో పేపర్లు ఏవీ ఉండవు. పేపరు ఆర్కైవ్‌లోనే ఉంటుంది, పత్రిక దాన్ని రివ్యూ చేయించి, బాగుంటే తన పేజీలో లింకు ఇస్తుంది. రాసేవాళ్ళూ కట్టరు, చదివేవాళ్ళూ కట్టరు. రేపు పత్రిక అంటే ఇలాగే ఉంటుందని నా గట్టి నమ్మకం. సరిచూసే పని నిలుస్తుంది, తాళం పోతుంది.

నీ సబ్జెక్టుకి కెమ్‌ఆర్కైవ్ ఉంది, ఎర్త్‌ఆర్కైవ్ ఉంది. పెట్టేయ్ అన్నా. తేదీ పడుతుంది, నీ పని ఇంకెవడో ఎత్తుకుపోతాడన్న టెన్షన్ ఉండదు. ముందు ఆ పత్రిక ప్రీప్రింట్‌ని ఒప్పుకుంటుందో లేదో మాత్రం చూసుకో.

పీఎస్ఎం డాక్టర్

గణితం తమ్ముడు చెప్పింది గణితానికి సరిపోతుంది. తప్పుడు సిద్ధాంతం రెండు నెలలు ఆర్కైవ్‌లో ఉంటే ఎవరికీ కడుపునొప్పి రాదు. సార్ రాసింది తాగే నీళ్ళ గురించి, ఊరి పేర్లతో.

2020 జనవరి ఆఖర్లో ఢిల్లీ నుంచి ఒక ప్రీప్రింట్ వచ్చింది, కొత్త కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన ముక్కలున్నాయని. మిగతా శాస్త్రవేత్తలు గట్టిగా విమర్శించడంతో రాసినవాళ్ళే రెండు మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే ఆ మాట ప్రపంచమంతా పాకిపోయింది. తర్వాత చాలాకాలం దాకా వాట్సాప్‌లో నాకు వస్తూనే ఉంది, "డాక్టర్ గారూ ఇది నిజమేనా" అని. వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ప్రీప్రింట్ వద్దనడం లేదు. అదే ఏడాది జూన్‌లో కరోనా పేషెంట్లకి డెక్సామెథసోన్ మందు ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితం ప్రీప్రింట్‌గా వచ్చింది. పత్రికలో వచ్చేదాకా, జులై దాకా కూర్చుని ఉంటే ఆ చవక మందు అందక ఎంతమంది పోయేవాళ్ళో. ఆక్సిజన్ మీద ఉన్న పేషెంట్లకి మేమంతా వాడాం. ఆ ట్రయల్ వెనక ఉన్న జాగ్రత్త వేరు, అంతే.

మీరు చేయాల్సింది ఒకటుంది. పెట్టేముందు కొన్ని శాంపిళ్ళు వేరే ల్యాబ్‌లో కూడా కొలిపించండి. ఆర్‌డబ్ల్యూఎస్‌కి నీళ్ళ పరీక్ష ల్యాబులు ఉంటాయి, ఏఈ గారినే అడగండి. రెండు చోట్లా ఒకటే వస్తే ధైర్యంగా బయటపెట్టొచ్చు. ఏ బోరు ఎవరి ఇంటి ముందుందో మాత్రం పేపర్లో రాయకండి. ఆ ఇంట్లో పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉంటుంది. ఫ్లోరైడ్ ఊళ్ళకి సంబంధాలు రావని అక్కడివాళ్ళు చెబితే విన్నాను. ఊరి స్థాయిలో చెప్పండి, బోరు వివరం ఇంటివాళ్ళకి విడిగా చెప్పండి.

తెలుగు శాఖ, రిటైర్డ్

నాయనా, నేను తెలుగు వాణ్ణి, మీ కెమిస్ట్రీ నాకు తెలియదు. కానీ ఊళ్ళవాళ్ళు కాయితం అడిగారన్న మాట దగ్గర ఆగిపోయాను. వాళ్ళు అడిగిన కాయితం తెలుగులో కదా. దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

మా శాఖ తరఫున చాలా ఏళ్ళు ఒక పరిశోధన పత్రిక తెచ్చాం. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేయించేవాళ్ళం. అచ్చులో ముత్యాల్లా ఉండేవి అక్షరాలు. తర్వాత ఆ ఫైళ్ళే పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్లో పెట్టారు. కంటికి బాగానే కనబడతాయి. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెట్టి చూడు, ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ, చుక్కలూ కలగాపులగంగా పడతాయి. ఎందుకంటే ఆ ఫాంటుకి అది తెలుగని తెలియదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. అందువల్ల గూగుల్‌లో వెతికినా దొరకవు. ఎంతోమంది పిల్లలు ఏళ్ళు కష్టపడి ఊరూరా తిరిగి సేకరించిన పాటలు, పలుకుబళ్ళు, శాసనాల మీద చేసిన వ్యాసాలు వెబ్‌సైట్లో ఉండీ లేనట్టే. తాళం లేదు, ఫీజు లేదు, అయినా ఎవరికీ అందవు. శోధ్‌గంగ అనే పీహెచ్‌డీ గ్రంథాల సైట్లో ఉన్న పాత తెలుగు సిద్ధాంత గ్రంథాలు తెరిచి చూడు, చాలావాటిది ఇదే గతి.

ఈ మధ్య మా పాత విద్యార్థి ఒకమ్మాయి ఆ ఫైళ్ళని యూనికోడ్‌లోకి మారుస్తోంది. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది కానీ ఒత్తులు, సున్నలు దగ్గర దెబ్బతింటుంది. పక్కన అచ్చు పుస్తకం పెట్టుకుని వాక్యం వాక్యం దిద్దాలి. నేను పొద్దున పూట కూర్చుని ప్రూఫు చూస్తున్నాను. కళ్ళు సహకరించినంత కాలం చూస్తాను.

నీకు చెప్పేది ఇది. పేపరు ఇంగ్లీషులో వేసుకో, తప్పదు. దానితోపాటు రెండు పేజీలు తెలుగులో, యూనికోడ్‌లో రాయి. నీళ్ళలో ఏముంది, పిల్లల పళ్ళ మీద ఆ గారలు ఎందుకొస్తాయి, కాచితే ఫ్లోరైడ్ పోతుందా పోదా. కాచితే పోదని మా బంధువు డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదు. అది కూడా నీ పరిశోధనలో భాగమే అనుకుని, పేరు పెట్టి, తేదీ వేసి పెట్టు.

కనిగిరి కెమిస్ట్రీ

అందరికీ దండాలు. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

మేడమ్, మా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాను. ఐడీ ఇచ్చారు. సారాంశం దగ్గర ఆగిపోయిన పేపర్లు తెరుచుకున్నాయి. అందులో ఒకదాంట్లో వాళ్ళు బఫర్ ఎంత కలిపారో, అల్యూమినియం అడ్డురాకుండా ఏం చేశారో వివరంగా ఉంది. నా మెథడ్స్ భాగం మళ్ళీ రాస్తున్నాను. అకాడమీ పత్రిక గురించి గైడ్ గారికి చెప్పాను. అది స్కోపస్‌లో ఉందని సైట్లో చూసుకుని, సరే పంపు అన్నారు.

డాక్టర్ గారూ, మీరు చెప్పిన పెళ్ళి సంబంధాల మాట నిజం. సీసాల మీద ఉన్న ఇంటివాళ్ళ పేర్లన్నీ తీసేసి కోడ్ నంబర్లు వేశాను. ఏఈ గారు కొన్ని శాంపిళ్ళు వాళ్ళ ల్యాబ్‌లో పెట్టిస్తానన్నారు. అవి వచ్చేదాకా ప్రీప్రింట్ పెట్టను. గణితం తమ్ముడూ, అవి కలిసిన రోజే పెడతాను, పత్రిక సమాధానం కోసం ఆగను.

మాస్టారూ, తెలుగు పేజీలు మొదలుపెట్టాను. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. మొదటి వాక్యం అదే రాశాను. పూర్తయ్యాక మీకు పంపిస్తాను, ప్రూఫు చూడండి.

మేడమ్, ఇంకొక్క ప్రశ్న. ఈ తెలుగు పేజీలు, నా కొలతల పట్టిక ఎక్కడ పెట్టాలి? మా కాలేజీ వెబ్‌సైట్ రెండేళ్ళకోసారి మారిపోతుంది, పాత లింకులన్నీ పోతాయి.

రిఫరెన్స్ డెస్క్

కాలేజీ వెబ్‌సైట్లో మాత్రమే పెట్టి ఊరుకోకండి సార్. 2000, 2019 మధ్య 170కి పైగా ఓపెన్ యాక్సెస్ పత్రికలే ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని పరిశోధకులు లెక్క తీశారు. ఇక కాలేజీ పేజీ ఎంత?

జెనోడో అని ఉంది. జెనీవా దగ్గర సెర్న్ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్నారు, ఉచితం. అకౌంటు తెరిచి పట్టికని సీఎస్‌వీ ఫైలుగా, తెలుగు పేజీలని పీడీఎఫ్‌గా విడివిడిగా పెట్టండి. ఒక్కోదానికి ఒక డీఓఐ నంబరు (మారని ఆన్‌లైన్ చిరునామా) వస్తుంది, మీ కాలేజీ సైట్ పోయినా అది పనిచేస్తుంది. ఆ నంబర్లని పేపర్లో మెథడ్స్ కిందే రాయండి, రివ్యూ చేసేవాళ్ళు పట్టికని నేరుగా చూస్తారు. తెలుగు పేజీల శీర్షిక తెలుగులోనే టైప్ చేయండి, భాష అని ఉన్న గడిలో తెలుగు ఎంచుకోండి. లైసెన్సు దగ్గర క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ పెడితే ఏఈ గారు ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసులో అంటించినా మీ అనుమతి అడగక్కర్లేదు.

పట్టిక పెట్టేముందు ఒకసారి నాకు పంపండి. జీపీఎస్ నంబర్ల కాలమ్ అలాగే ఉంచేసి ఉంటే, మీరు ఇంటివాళ్ళ పేర్లు తీసేసినా మ్యాప్‌లో ఇల్లు కనబడిపోతుంది.